కోతల బాబాయి సాక్ష్యం

మా వీధిలో పాలు పోసే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ కోతల బాబాయి అంటారు. వయసులో ఆయన నాకంటే చిన్నవాడు. నన్ను నోరారా అక్కా అని పిలుస్తాడు. అయినా వీధితో పాటు నాకూ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. ఈ వరసలు సరిచేద్దామని ఒకసారి ప్రయత్నించాను గానీ నాలుక తిరగలేదు, వదిలేశాను.

బాబాయి పాలల్లో చుక్క నీళ్ళు కలపడు. మా ఇళ్ళల్లో తోడుకున్న పెరుగు చూస్తే ఎవరికైనా ఆ సంగతి తెలుస్తుంది. కలపాల్సిన నీళ్ళన్నీ మాటల్లో కలుపుతాడు. వాగు పొంగిన రోజున మోపెడ్ ఆయన్ని వీపు మీద మోసుకుని ఈదిందంటాడు. ఫలానా వారి గేదె ఆయన దగ్గితే గానీ పాలు చేపదంటాడు. పెళ్ళికి ముందు పిన్నితో, తనకి పది గేదెలున్నాయని చెప్పాడట. తీరా కాపురానికి వచ్చి చూస్తే, మేనత్తతో కలిపి ఒక్క గేదెలో సగం వాటా ఉంది.

"ఆ సగం తల వైపుదో తోక వైపుదో ఈనాటికీ చెప్పలేదు వదినా," అంటుంది పిన్ని.

అబద్ధం వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు కాబట్టి మేమెవరమూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే పొద్దున్నే బాబాయి కోత ఒకటి వింటే గానీ మాకు రోజు మొదలైనట్టుండదు. ఆయన తల్లి చిన్నప్పుడే పోయింది. మేనత్త ఇంట్లో గొడ్ల మధ్య పెరిగాడు. మాట్లాడటానికి మనుషులు లేక గేదెలకు కథలు చెప్పడం అలవాటు చేసుకున్నాడట. ఇది కూడా ఆయన చెప్పిందే, కానీ మేనత్తని అడిగి రూఢి చేసుకున్నాను. నేను అలా అడక్కుండా ఉండలేను.

రోజూ తెల్లవారేసరికి మోపెడ్‌కి రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని, చేల మధ్య ఉన్న ఇళ్ళన్నీ తిరిగి పాలు పోగుచేసుకొస్తాడు. ఇంటి ముందుగదే పాలకొట్టు. వీధిలోకి సిమెంటు గట్టు, గోడకి మేకులు, మేకులకి కొలపాత్రలు, ఎప్పుడూ తడిగా ఉండే గచ్చు. వెనక ఒక కర్టెన్. కర్టెన్ అవతల వంటిల్లు. పాలు కొలిచేది పిన్ని, కథ కొలిచేది బాబాయి.

మా ఊరికి దూరంగా, గుట్టల అవతల, యుద్ధ విమానాలు దిగే స్థావరం ఉంది. పొద్దుటిపూట ఒక విమానం చేల మీదుగా రయ్యిన పోతుండేది. ఇంకేం, బాబాయికి చేతినిండా సరుకు దొరికింది.

"ఆ నడిపే అబ్బాయి నాకు బాగా తెలిసినవాడక్కా. నా మోపెడ్ కనపడగానే కిందికి దిగుతాడు. ముందు కుడి రెక్క ఊపుతాడు, తర్వాత ఎడమ రెక్క. నాకు ఉషారుగా లేదనుకో, నన్ను నవ్వించడానికని ఒక పల్టీ కొడతాడు. నిన్నయితే చెరువు నీళ్ళు తాకి లేచాడు!"

ఎదురుగా మా మేడ కింద కొట్టున్న టైలరు కత్తెర పట్టుకుని అక్కడినుంచే అరిచేవాడు. "ఇంకొంచెం దిగితే పాలు కూడా పోయించుకునేవాడేమో బాబాయ్!"

"పోయబోయానురా. గ్లాసు అందలేదు."

అందరం నవ్వుకుని గిన్నెలు పట్టుకుని ఇళ్ళకు పోయేవాళ్ళం. నెలల తరబడి ఇదే ముచ్చట. విని విని ఆ పల్టీ మేం చూసినట్టే అయిపోయింది. తర్వాత వచ్చిన తిప్పలన్నీ అక్కడినుంచే వచ్చాయి.

*

ఆ పొద్దున నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. చేల వైపునుంచి ఒక్కసారిగా గుండె అదిరేంత చప్పుడు వచ్చింది. కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. చేతిలో దుప్పటి జారి, కింద కొట్టు తీస్తున్న టైలరు నెత్తిన పడింది. ఇంకో రోజైతే దానికే పెద్ద రగడ అయ్యేది. అతను దుప్పటి తీసి చూసేసరికి మొక్కజొన్న చేల మీద నల్లటి పొగ నిలువుగా లేస్తోంది. నేను చూసింది ఆ పొగ ఒక్కటే. మా వీధిలో ఎవరు చూసినా అంతకంటే ఎక్కువ చూడలేదు.

బాబాయి ఇంటికి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. మోపెడ్ తోసుకుంటూ నడిచి వచ్చాడు. కనుబొమలు మాడి ఉన్నాయి. సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు. అందరం మూగాం.

"ఎన్ని పల్టీలు కొట్టింది బాబాయ్?" అన్నాడు టైలరు.

"పల్టీలేం లేవు. రెక్క కింద మంట కనపడింది. పొగొచ్చింది. పడిపోయింది." కనుబొమలు తడుముకుని, "దగ్గరికి పోబోతే ఆ వేడి వెనక్కి నెట్టేసింది," అన్నాడు.

"మరి లోపలి మనిషి?"

"ఒక్కడే ఉన్నాడట. బయటికి రాలేదు."

ఇంకేమీ చెప్పకుండా లేచి కర్టెన్ తప్పించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన నోటినుంచి అంత పొట్టి మాట మేమెప్పుడూ వినలేదు. "పాపం, జడుసుకున్నాడు," అనుకున్నాం. అదే నిజమని మాలో ఒక్కరికీ తట్టలేదు. కోత లేదు కాబట్టి చెప్పడం ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాం.

మధ్యాహ్నానికల్లా సైనికులు వచ్చి చేల చుట్టూ తాళ్ళు కట్టారు. టీవీవాళ్ళని లోపలికి పోనివ్వలేదు. వాళ్ళు ఊరికే ఉంటారా, మా వీధికి వచ్చారు. టైలరు అప్పటికే తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ విమానాన్ని రోజూ చూసేవారా?"

"రోజూనండీ! మా వీధి పాలాయన కనపడితే చాలు, కిందికి దిగి రెక్కలూపేవాడు. పల్టీలు కొట్టేవాడు. చెరువు నీళ్ళు తాకి లేచేవాడండీ, సరదా మనిషి!"

"కళ్ళారా చూశారా?"

"కళ్ళారా!"

పక్కనే టీకొట్టు అక్క మెడ చాచింది. "నా కొట్టు రేకులు ఎగిరిపోయేంత కిందికొచ్చేవాడు," అని తనవంతు ఒక చెంచాడు వేసింది.

ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. చనిపోయిన కుర్రాణ్ణి మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు. సాయంత్రం వీధంతా మా ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. టైలరు మొహం కనపడగానే ఈలలు వేశారు. ఆ వెంటనే తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి: విన్యాసాలే ప్రాణం తీశాయా? కోట్ల విలువైన విమానాన్ని ఆటబొమ్మ చేసుకున్నాడనీ, పాలవాడికి వేడుక చూపించబోయి నేలకి కొట్టుకున్నాడనీ, సూటు వేసుకున్న ఒకాయన చేతులు తిప్పుతూ చెప్పాడు. మా గదిలో ఈలలు ఆగిపోయాయి.

బాబాయి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరమూ చూడలేదు.

*

మర్నాడు దిండు గలీబులు కుట్టించే వంకతో నేను టైలరు కొట్లో కూర్చున్నాను. బాబాయి వస్తాడని నాకు తెలుసు. వచ్చాడు.

"ఒరే, ఆ పల్టీ నువ్వు చూశావురా?"

"అదేంటి బాబాయ్, రోజూ నువ్వే కదా చెప్పావు!"

"నేను చెప్పింది అబద్ధంరా!"

"ఇప్పుడా చెప్పేది!" టైలరు మిషను తొక్కడం ఆపేశాడు. "నీ కోతలన్నీ కోతలని తెలుసు గానీ, ఇది మాత్రం... ఇన్నాళ్ళు చెప్పావుగా, కొంచెమన్నా ఉండదా అనుకున్నా."

"ఏమీ లేదు. ఆ అబ్బాయి నన్ను ఏనాడూ చూడలేదు. చూసినా చీమంత కనపడి ఉంటాను. తన దారిన తాను తిన్నగా పోయేవాడు. నేనే, ఊరికే, పాలు పోస్తూ ఏదో ఒకటి..." బాబాయి మిషను మీద చెయ్యి వేసి ముందుకి వంగాడు. "చచ్చిపోయినవాడి మీద వేశారు కదరా, నా మాటని!"

అక్కడినుంచి తిన్నగా సైనికుల తాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులున్నా ఇలాంటప్పుడు నా కాళ్ళు బాగానే నడుస్తాయి. బాబాయి ఒక సిపాయితో చెప్పబోతుంటే, పక్కన కాపలా ఉన్న మా ఊరి కానిస్టేబులు ఫక్కున నవ్వాడు.

"సార్, ఈయన మాట నమ్మకండి. మా ఊళ్ళో కోతల బాబాయంటారు. ఏనుగుని పెంచానని చెప్పినా చెప్తాడు."

"ఇది నిజం బాబూ," అన్నాడు బాబాయి.

"ఎప్పుడు కాదన్నావు కనక? ఇంటికెళ్ళు బాబాయ్."

తిరిగొస్తుంటే దారిలో నాతో అన్నాడు. "చూశావా అక్కా. జీవితంలో ఒక్క నిజం చెబుదామంటే చెల్లడం లేదు."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆయన చెప్పింది పట్టించుకునేవాళ్ళు లేకపోతే ఆ కుర్రాడి పేరు అలాగే బురదలో ఉండిపోతుంది. ఆ బురద తెచ్చింది ఈయన నోరే. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

విమానంలో జరిగిందంతా దాచుకునే పెట్టె ఒకటి ఉంటుందట. అది మంటల్లో పాడైపోయిందట. అందుకని చూసినవాళ్ళని పిలిచి బడి హాల్లో విచారణ చేస్తామని పెద్ద అధికారులు చాటించారు.

విచారణకి ముందురోజు నేను పెరుగు తోడు కోసం పాలకొట్టుకి వెళ్ళాను. ఇంట్లో తోడు ఉంది. కానీ కొట్టు ముందు కొత్త కారు ఆగితే, గిన్నె లేకుండా ఎలా వెళ్తాం? గట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన తల, ఇస్త్రీ చొక్కా, చెప్పులకి ఎర్రమట్టి. పిన్ని ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు. ఆ చనిపోయిన అబ్బాయి తండ్రి ఆయన. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యాడట. చేను చూడటానికి వచ్చి, దారిలో పాలకొట్టు ఎక్కడని అడుగుతూ ఇక్కడికి చేరాడు.

"టీవీలో చెప్పిన పాలాయన మీరేనా?" అన్నాడు బాబాయితో.

బాబాయి తలూపాడు.

"మావాడు మిమ్మల్ని చూసి రెక్కలూపేవాడటగా. నవ్వించడానికి పల్టీ కొట్టేవాడట. వాడి మీద ఏవేవో రాశారు, అది వేరే సంగతి. కానీ రోజూ వాడు ఒక మనిషిని పలకరించేవాడంటే... వాడి అమ్మ ఆ మాట పట్టుకునే నిన్నంతా కూర్చుంది. వాడు నవ్వుతూ ఉండేవాడా? కొంచెం చెప్పండి."

పిన్ని నా వైపు చూసింది. నేను పిన్ని వైపు చూశాను. బాబాయికి అంతకంటే సులువైన పని ఇంకోటి లేదు. నోరు తెరిస్తే ఆ తండ్రికి కడుపునిండేంత కథ వస్తుంది. ఆ అబ్బాయి నవ్వు, మీసం, చెయ్యూపడం, అన్నీ వస్తాయి.

బాబాయి గట్టు దిగి ఆయన ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"అయ్యా, నేను అబద్ధాలకోరుని. మీ అబ్బాయి నన్ను ఎప్పుడూ పలకరించలేదు. పల్టీ కొట్టలేదు. అదంతా నా కల్పన. నా కోత పట్టుకుని వీళ్ళు చెప్పారు. తప్పు వీళ్ళది కాదు, నాది."

పెద్దాయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. లేచి చెయ్యి చేసుకుంటాడేమోనని నాకు భయం వేసింది.

"అయితే," అన్నాడు చివరికి, "మావాడు తిన్నగానే నడిపేవాడన్నమాట."

"తిన్నగానేనండీ. గీత గీసినట్టు."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు కూడా. నేను చూసిన కాసేపూ."

పెద్దాయన గ్లాసెత్తి నీళ్ళన్నీ గడగడా తాగాడు. "ఆ మాట రేపు హాల్లో చెప్తారా?"

"చెప్తానండీ. నమ్మించుకోవడమే నాకు చేతకాదు."

*

ఆ సాయంత్రం వీధి కుళాయి దగ్గర నేను అందరినీ నిలబెట్టి ఒకటే ప్రశ్న అడిగాను. "ఆ విమానం పల్టీ కొట్టగా మీలో సొంత కళ్ళతో చూసినవాళ్ళెవరు?" బిందెల్లో నీళ్ళు నిండి పొర్లిపోతున్నాయి గానీ ఒక్కరూ చెయ్యెత్తలేదు. టీకొట్టు అక్క తల దించుకుంది. టైలరు మాత్రం మొరాయించాడు.

"పెద్దమ్మా, టీవీలో నా మొహం దేశమంతా చూసింది. ఇప్పుడు కాదంటే నా పరువేం కాను?"

పిన్ని బిందె దించి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళుగా మొగుడి కోతలకి నెత్తి బాదుకున్న మనిషి, ఆవేళ ఒక్క మాట ఆయన్ని అనలేదు.

"అబద్ధం మా ఇంట్లో పుట్టింది. మా ఆయన రేపు పదిమందిలో నాదేనని ఒప్పుకుంటున్నాడు. నువ్వు ఊరికే అద్దెకి తీసుకున్నావు. సొంతదారే వదులుకుంటుంటే, అద్దెకున్నవాడికి ఇంత పట్టెందుకు నాయనా?"

కుళాయి దగ్గర నవ్వులు పడ్డాయి. టైలరు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. "ఆయన రేపు వేసుకోవడానికి మంచి చొక్కా ఉందా పిన్నీ?" అన్నాడు కాసేపటికి. "కాలరు తిప్పి కుట్టి ఇస్తాను, పంపించు."

బడి హాలంటే పిల్లల బెంచీలే. పెద్ద పెద్ద అధికారులు వాటి మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయి. నల్లబల్ల మీద ఎవరో చెరపడం మరిచిపోయిన గుణింతం ఉంది. ఊరు ఊరంతా వచ్చింది. ముందు వరసలో ఆ తండ్రి కూర్చున్నాడు. తలుపు దగ్గర మన కానిస్టేబులు.

బాబాయిని పిలిచారు.

"ఏం చేస్తుంటారు?" అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్ద అధికారి.

"పాలు పోస్తానండీ. అబద్ధాలు చెప్తాను."

హాలంతా గొల్లుమంది. కానిస్టేబులు 'నేను చెప్పలేదా' అన్నట్టు చేతులు తిప్పాడు. అధికారి నవ్వలేదు.

"అలాంటప్పుడు మీ మాట మేమెందుకు వినాలి?"

"నమ్మమని అడగడం లేదండీ. ఆ రెక్కలూపడం, పల్టీలు, చెరువు తాకడం, అవన్నీ నేను కల్పించినవి. ఊరివాళ్ళు నా దగ్గర విని చెప్పారు. అవి ఆ అబ్బాయి లెక్కలోంచి తీసెయ్యండి. తర్వాత నేను చూసింది చెప్తాను. వింటే వినండి, లేకపోతే లేదు."

"చెప్పండి."

"మోపెడ్ స్టాండు వేస్తున్నాను. విమానం వస్తోంది. తిన్నగా వస్తోంది. రెక్క కింద మంట కనపడింది. అందులోంచి ఏదో ఊడి కాలవ గట్టు వైపు పడింది. మెరిసింది. తర్వాత నల్లపొగ. విమానం చేలోకి దిగిపోయింది."

"ఎంత ఎత్తులో ఉంది?"

"తెలీదండీ."

"ఊడిపడింది ఏమిటి?"

"తెలీదండీ. రేకు ముక్కలా ఉంది. పిట్టేమో కూడా."

అధికారి కాసేపు కాగితాల వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "విమానం మీ వీధి మీద పడకుండా అతను చేల వైపు తిప్పాడని మీకేమైనా అనిపించిందా?"

ఆ తండ్రి తలెత్తాడు. ఒక్క 'అవును' చాలు. ఆ అబ్బాయి దేవుడైపోతాడు, ఊరంతా చప్పట్లు కొడుతుంది, కాదనేవాడెవడు? బాబాయి పెదవి ఒకసారి కదిలింది. ఆయన నోట్లో కథ తయారవుతున్నప్పుడు ఆ పెదవి ఎలా కదులుతుందో నాకు బాగా తెలుసు.

"చెప్పలేనండీ," అన్నాడు. "అవునని చెప్పాలని నాకూ ఉంది. కానీ నేను చూసేసరికే అది చేల మీద ఉంది. అతను తిప్పాడో, అదే తిరిగిందో నాకు తెలీదు."

అధికారి కలం కింద పెట్టేశాడు. తలుపు దగ్గర కానిస్టేబులు మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"టీవీలో మాట్లాడిన టైలరు ఉన్నారా?"

టైలరు లేచాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు, ఛాతీ ముందుకు పెట్టాడు.

"నేనేం చూడలేదండీ!" అన్నాడు, అదేదో బహుమతి అందుకుంటున్నట్టు.

"నేనూ చూడలేదు!" టీకొట్టు అక్క లేచింది. "నా రేకులు గాలివానకి ఎగిరాయి."

ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పనే లేకపోయింది. "నేనూ చూడలేదు!" "మేమూ చూడలేదు!" అని వరస వెంట వరస లేచింది. నేను కూడా లేచి, పొగ తప్ప ఏమీ చూడలేదని గట్టిగా చెప్పాను. మూలనుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని లేచి, "నేనూ చూడలేదు!" అన్నాడు.

"మీరెవరు?" అన్నాడు అధికారి.

"నేను ఈ ఊరివాణ్ణి కాదండీ. మా అమ్మాయిని చూడ్డానికి వచ్చాను."

అప్పుడు నవ్వాడు ఆ అధికారి. తండ్రి కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే.

*

మర్నాడు కాలవ గట్టున రెల్లు పొదల్లో వెతుకులాట మొదలైంది. చేనుకి ఎంతో ఇవతల ఉన్న చోటు అది. అంతదాకా ఎవరూ వెతకలేదు. మా వీధి మొత్తం గట్టు మీదే ఉంది. సైనికులు దిగవద్దంటే మేము గట్టునే నిలబడి సలహాలిచ్చాం. అంతకంటే దిగితేనే బాగుండేదని వాళ్ళకి అనిపించి ఉంటుంది.

"ఇంకొంచెం ఎడమకి నాయనా!"

"ఎడమకెందుకు, బాబాయి అటు చూపించాడు!"

బాబాయి మాత్రం రెండు చేతులూ కట్టుకుని నీళ్ళ వైపే చూస్తున్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఏమీ దొరకలేదు. వెనకనుంచి ఎవరో, "ఇది కూడా కోతేనేమో," అని గొణిగారు. పిన్ని వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ గొంతు మళ్ళీ లేవలేదు.

అప్పుడే నడుములోతు బురదలో ఉన్న ఒక సిపాయి కేక పెట్టాడు. చెయ్యి పైకెత్తాడు. ఆ చేతిలో విరిగిపోయి, కాలి నల్లబడిన ఇనుప ముక్క. అధికారి గట్టునుంచి బురదలోకి బూట్లతోనే దిగిపోయాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలెత్తి, అంత దూరం నుంచి బాబాయి వైపు చూసి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

గట్టు మీద ఒక్కసారిగా కేకలు, ఈలలు. టైలరు బాబాయిని ఎత్తబోయి, ఎత్తలేక, ఇద్దరూ కలిసి పడ్డారు. ఆ తండ్రి కొంచెం దూరంలో ఒంటరిగా నిలబడ్డాడని గుర్తొచ్చి కేకలు ఆపేశాం. ఆయనే చెయ్యి ఊపి, "ఆపకండి, ఆపకండి," అన్నాడు.

పూర్తి విచారణ తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఒక మధ్యాహ్నం పిన్ని క్యాన్లు కడుగుతుంటే ఫోను మోగింది. తడి చేతుల్తోనే తీసింది. విని, ఫోను గట్టు మీదే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తింది.

"వదినా! ఇంజను పగిలిందట! లోపల ముందే పగిలిందట! ఆ ముక్కే సాక్ష్యమట! ఆ అబ్బాయి తప్పు ఇసుమంత కూడా లేదని రాసిచ్చారట!" అని అరిచి, ఊపిరి పీల్చుకుని, "మా ఆయన చెప్పింది నిజమట!" అంది. ఆ ఆఖరి మాట ఇంకో రెండుసార్లు అంది. ఆవిడ కాపురంలో ఆ మాట అనే అవకాశం అంతకుముందు రాలేదు మరి.

సైనిక స్థావరంలో ఆ అబ్బాయికి గౌరవంగా ఒక సభ పెట్టారు. ఆ తండ్రి పనిగట్టుకుని కారు పంపించాడు. బాబాయి, పిన్ని ఇద్దరే రావాలని పంపించాడు గానీ, ముగ్గురం వెళ్ళాం. నేను లేకుండా అక్కడేం జరిగిందో నాకెలా తెలుస్తుంది?

పచ్చగడ్డి మైదానం, తెల్ల కుర్చీలు, వరసలు తీరిన సైనికులు. ఆ అబ్బాయి పేరు చదివి, విధి నిర్వహణలో ఏ లోపమూ లేకుండా ప్రాణాలిచ్చాడని మైకులో చెప్పారు. అంతమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మబ్బుల్లోంచి విమానాలు వచ్చి మా తలల మీదుగా దూసుకుపోయాయి. పిన్ని నా చెయ్యి నొక్కితే గాజులు గుచ్చుకున్నాయి. ఏడుస్తున్నాం, కానీ తలలు మాత్రం ఎత్తుకునే ఉన్నాం. ఆ అబ్బాయి తల్లి అందరికంటే ఎత్తుగా పట్టుకుంది.

సభ అయ్యాక, ఛాతీ నిండా పతకాలున్న ఒక పెద్ద అధికారి కుటుంబాన్ని పలకరిస్తూ మా దగ్గరికి వచ్చాడు. బాబాయితో చెయ్యి కలిపి అడిగాడు. "మీరు ఆ అబ్బాయికి ఏమవుతారు?"

పిన్నికి భయం పట్టుకుంది. నాకూ అంతే. పతకాలు, మైకు, అంత పెద్ద మనిషి. బాబాయి నోరు ఇలాంటి చోట ఊరుకుంటుందా?

"ఏమీ కానండీ," అన్నాడు బాబాయి. "పాలు పోస్తాను. ఆ రోజు చూశాను, అంతే."

ఆ తల్లి బాబాయి మోచెయ్యి పట్టుకుని తన పక్కకి లాక్కుంది.

"మావాడేనండీ," అంది ఆ అధికారితో.